చెప్పకపోవడం కూడా మోసమేనా?

మూసీకి వరదొస్తే మూసారాంబాగ్ వంతెన మునగడం హైదరాబాద్‌కు కొత్త కాదు. ఆ ఒడ్డున ఒకాయన ఇల్లు అమ్మకానికి పెట్టాడనుకోండి. వానాకాలంలో ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొస్తాయని ఆయనకు తెలుసు. వేసవిలో గోడలకు రంగు వేయించి బేరం కుదుర్చుకున్నాడు. కొనేవాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. అబద్ధమైతే ఆడలేదు మరి. తప్పు చేసినట్టేనా?

సివిల్స్ మెయిన్స్ ఎథిక్స్ పేపర్లో ఇలాంటి చిక్కుల్నే కేస్ స్టడీ అంటారు. 2013లో వచ్చిన ఆ 250 మార్కుల పేపర్‌తో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కుస్తీ పట్టేవాళ్లున్నారు. రోమన్ నాయకుడు సిసెరో క్రీ.పూ. 44లో ఇవే చిక్కులు రాసింది కూడా ఇల్లొదిలి చదువుకుంటున్న ఓ కుర్రాడి కోసమే. ఏథెన్స్‌లో ఉన్న సొంత కొడుకు మార్కస్ కోసం. రోమ్‌లో ఇళ్ల మీద వచ్చే అద్దెలు అతని ఖర్చులకు పోయేవి. కుర్రాడు మరీ బుద్ధిమంతుడేం కాదు. పాత తప్పులకు సిగ్గుపడుతున్నానని తండ్రి కార్యదర్శి టైరోకు ఉత్తరం రాస్తూ, అందులోనే నోట్సు రాసిపెట్టేందుకు ఒక గుమాస్తాను పంపమన్నాడు!

వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం అని సిసెరో నాలుగు సుగుణాలు చెప్పాడు. న్యాయమంటే మనకు కోర్టులు, తీర్పులు గుర్తొస్తాయి. ఆయన దాన్ని బజారుకు కూడా తీసుకెళ్లాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ధాన్యంతో ముందుగా చేరాడు. వెనక మరిన్ని ఓడలొస్తున్నాయని చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా? చట్టం అడిగినంత చెబితే చాలన్నాడు డయోజెనిస్ అనే తత్వవేత్త. అంతా చెప్పాల్సిందేనన్నాడు ఆయన శిష్యుడు ఆంటిపేటర్. సిసెరో శిష్యుడి పక్షం. ఊరుకోవడం ప్రతిసారీ తప్పు కాదు గానీ, ఎదుటివాడికి తెలియాల్సినదాన్ని మన లాభం కోసం తొక్కిపెడితే అది మోసమేనన్నాడు.

ఇది ఉత్త తత్వచర్చ కాదు. పక్షి శకునాలు చూడటానికి అడ్డమొస్తోంది, ఎత్తు తగ్గించమని పూజారులు చెప్పిన ఇంటిని ఒకడు ఆ మాట దాచి అమ్మేశాడు. కొన్నవాడు కూల్చుకోవాల్సి వచ్చింది. అమ్మినవాడే నష్టపరిహారం కట్టాలని మార్కస్ కేటో తీర్పిచ్చాడు. 2024లో మూసీ గర్భంలోని ఇళ్లకు అధికారులు గుర్తులు వేయడం చూసినవారికి ఇదేమీ వింతగా ఉండదు.

మన ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ కూడా తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు బయటపెట్టాలంటుంది. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగిన లోపమైతే మాత్రం ఆ బాధ్యత ఉండదు. కాబట్టి బయానా ఇచ్చేముందు పక్కింటివాళ్లను అడగడం కొనేవాళ్ల పనే.