మూడు తేదీలు దగ్గర పెట్టుకోండి

మనలో ఎవరైనా ఇరవై వేలు పెట్టి ఫోన్ కొంటే బిల్లు, వారంటీ కార్డు, ఆఖరికి ఖాళీ డబ్బా కూడా దాచుకుంటాం. అదే డబ్బుతో కుక్కపిల్లని కొంటే మన దగ్గర మిగిలేది నాలుగు ఫోటోలు, ఒక యూపీఐ స్క్రీన్‌షాట్. పిల్ల ఆరోగ్యంగా ఉంటే ఇంకేమీ అవసరం పడదు. కొన్న రెండో రోజే అది తిండి మానేసి మూలన పడుకుంటే మాత్రం, అమ్మినవాడితో ఎలా మాట్లాడాలో తెలియక ఇల్లంతా తలపట్టుకుంటుంది.

పోయిన సెలవుల్లో గుంటూరులో మా పిన్ని వాళ్ళింట్లో సరిగ్గా ఇదే జరిగింది. తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడి కోసం బాబాయి హైదరాబాద్ శివార్లలోని ఒక బ్రీడర్ దగ్గర 18,000 రూపాయలకి లాబ్రడార్ పిల్లని తీసుకొచ్చారు. లడ్డూ అని పేరు పెట్టారు. శనివారం సాయంత్రం చేతికొచ్చిన పిల్ల ఆదివారం రాత్రి అన్నం ముట్టలేదు. సోమవారం తెల్లవారుజామున వాంతులు, పొద్దెక్కేసరికి రక్తంతో విరేచనాలు. పిన్నీ బాబాయీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తారు. బ్రీడర్‌తో మాట్లాడే పని నాకు పడింది. "రోజంతా ఫోన్‌లోనే ఉంటావు కదరా, ఇది కూడా నువ్వే చూడు" అంది పిన్ని.

ఆ రెండు వారాల్లో నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను. క్లుప్తంగా చెప్పాలంటే: బ్రీడర్‌తో వాదన గొంతుతో గెలిచేది కాదు. మూడు తేదీలతో గెలిచేది.

ముందు వైద్యం, తర్వాతే వాదన

డాక్టర్ గారు పిల్ల మలం శాంపిల్ తీసి చిన్న కిట్‌లో పరీక్ష చేశారు. కరోనా రోజుల్లో మనం ఇంట్లో చేసుకున్న టెస్టు లాంటిదే. పది నిమిషాల్లో రెండు గీతలు. పార్వో వైరస్.

ఈ వైరస్ 1978 ప్రాంతంలో ప్రపంచమంతా ఒక్కసారిగా పాకింది. వేగంగా విభజన చెందే కణాలంటే దీనికి ఇష్టం. అలాంటి కణాలు ఎక్కువగా ఉండేది పేగుల లోపలి పొరలో, ఎముక మజ్జలో. పేగు పొర ఊడిపోతే రక్త విరేచనాలు. మజ్జ దెబ్బతింటే తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అంటే కోట గోడ కూలడం, సైన్యం తగ్గిపోవడం రెండూ ఒకేసారి జరుగుతాయి. సాధారణంగా ఇచ్చే మందుల్లో ఏదీ వైరస్‌ని నేరుగా చంపదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, వేరే బ్యాక్టీరియా చొరబడకుండా యాంటీబయాటిక్స్ ఇస్తూ, పిల్ల ఒంట్లో రోగనిరోధక శక్తి కోలుకునేదాకా నిలబెట్టడమే వైద్యం. అసలు వైద్యం అందకపోతే చాలా పిల్లలు చనిపోతాయి. త్వరగా మొదలుపెడితే ఎక్కువ శాతం బతుకుతాయి.

అందుకే మొదటి సూత్రం: బ్రీడర్ జవాబు కోసం వైద్యం ఆపకండి. "మా డాక్టర్‌కే చూపియ్యాలె, ఇక్కడికి తీస్కరా" అన్నాడు మా బ్రీడర్. గుంటూరు నుంచి హైదరాబాద్ ఐదారు గంటల ప్రయాణం. నీళ్ళు నిలవని పిల్లకి అది ప్రయాణం కాదు, శిక్ష. మేం వెళ్ళలేదు. దగ్గరున్న డాక్టర్ దగ్గరే చేర్చాం. కాకపోతే ప్రతి రోజూ మందుల చీటీ మీద తేదీ, జబ్బు పేరు, టెస్ట్ ఫలితం రాయించుకున్నాం. తర్వాత అవే పనికొచ్చాయి.

మొదటి తేదీ: పిల్ల చేతికొచ్చిన రోజు

బ్రీడర్ మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఇదే: "తమ్మీ, నేనిచ్చినప్పుడు మస్తుగుండె. మీ ఇంట్ల నీళ్ళు పడలే, అంతే." మనకి నిజమేనేమో అనిపిస్తుంది కూడా. పెరుగన్నం పెట్టాం కదా, ఏసీలో పడుకోబెట్టాం కదా అని ఇంట్లో ఒకరినొకరు అనుకోవడం మొదలవుతుంది. పిన్నీ బాబాయీ ఆ రోజు సరిగ్గా అదే చేశారు.

ఇక్కడ లెక్క చూడండి. పార్వో వైరస్ ఒంట్లోకి వెళ్ళాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు. లడ్డూ మా ఇంటికొచ్చిన ముప్పై గంటల్లోపే తిండి మానేసింది. కాబట్టి వైరస్ ఇల్లు మారకముందే పిల్లలో ఉంది. పెరుగన్నానికి, ఏసీకి దీంతో సంబంధం లేదు.

అదే లక్షణాలు పదో రోజున మొదలైతే ఈ వాదన నిలవదు. ఎందుకంటే ఈ వైరస్ మట్టిలో, గచ్చు మీద నెలల తరబడి బతుకుతుంది. వీధిలోంచి చెప్పులతో కూడా ఇంట్లోకి రావచ్చు. లెక్క మనవైపు ఉంటేనే గట్టిగా అడగాలి.

రెండో తేదీ: పుట్టిన రోజు

మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం ప్రత్యేక నియమాలు తెచ్చింది. వాటికి ఆధారం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. వాటి ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. టీకాలు వేసిన, ఆరోగ్యంగా ఉన్న పిల్లనే అమ్మాలి. రసీదు ఇవ్వాలి.

లడ్డూ కార్డులో అమ్మిన రోజుకి వయసు 60 రోజులని ఉంది. డాక్టర్ గారు నోరు తెరిచి చూసి నవ్వారు. కుక్కపిల్లకి పాలపళ్ళు మొత్తం 28. ఎనిమిది వారాలకి దాదాపు అన్నీ వచ్చేస్తాయి. లడ్డూకి వెనక దవడ పళ్ళు ఇంకా సరిగ్గా పొడుచుకు రాలేదు. "నెలన్నర దాటదు" అన్నారు. ఆ ముక్కే చీటీ మీద రాసిమ్మని అడిగాం. రాసిచ్చారు.

మూడో తేదీ: టీకా రోజు

కార్డు మీద టీకా స్టిక్కర్ ఉంది. తేదీ, అమ్మకానికి 15 రోజుల ముందు. పక్కన డాక్టర్ సంతకం లేదు, ముద్ర లేదు. ఇప్పుడు రెండో తేదీని దీని పక్కన పెట్టండి. అమ్మిన రోజుకి నిజమైన వయసు 45 రోజులైతే, టీకా రోజుకి పిల్ల వయసు 30 రోజులు. పార్వో టీకా సాధారణంగా ఆరు వారాల నుంచి మొదలుపెడతారు. అంతకన్నా ముందు వేస్తే తల్లి పాల నుంచి వచ్చిన యాంటీబాడీలే చాలావరకు ఆ టీకాని పనిచేయనివ్వవు. అందుకే మూడు నాలుగు వారాలకొకసారి, పిల్లకి 16 వారాలు వచ్చేదాకా, మళ్ళీ మళ్ళీ వేస్తారు.

అంటే కార్డు నిజమైతే టీకా వృథా. టీకా సరైన వయసులో వేసిందైతే కార్డు అబద్ధం. రెండిట్లో ఏది ఒప్పుకున్నా బ్రీడర్‌కి ఇబ్బందే.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఒక డోసు సరిగ్గా వేసినా పార్వో వచ్చే అవకాశం ఉంది. టీకా వేసిన కొద్దిరోజులకి టెస్టులో సన్నటి గీత కనిపించవచ్చు కూడా. అందుకే డాక్టర్లు టెస్టుతో పాటు లక్షణాలు, తెల్ల రక్తకణాల లెక్క కలిపి చూస్తారు. జబ్బు వచ్చిందనగానే ప్రతి బ్రీడర్‌నీ దొంగ అనలేం. తేదీలు కలవకపోతే మాత్రం అడగొచ్చు.

"వేరే పిల్లనిస్తా"

తేదీలు చూపించాక అతని గొంతు మారింది. "సరే, దాన్ని వాపస్ తెచ్చియ్యి, వేరే పిల్లనిస్తా" అన్నాడు. వినడానికి మంచి బేరం. మిక్సీ పాడైతే మనం కోరుకునేది అదే కదా.

ఈ బేరంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ కొత్త పిల్ల వచ్చేది అదే షెడ్డు నుంచి, చేరేది వైరస్ ఉన్న మా ఇంటికే. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం ముప్పై పాళ్ళ నీళ్ళలో కలిపి గచ్చంతా కడగొచ్చు, పెరట్లో మట్టిని అలా కడగలేం. టీకాలన్నీ పూర్తికాని పిల్లని ఆ ఇంట్లోకి తేకూడదని డాక్టర్ గారు ఖరాఖండిగా చెప్పారు. రెండోది మా తమ్ముడు అడిగాడు: "మరి లడ్డూని ఏం చేస్తాడు?" ఆ ప్రశ్నే నేను బ్రీడర్‌ని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

లడ్డూని వెనక్కివ్వలేదు.

అడగాల్సిన మొదటి విషయం డబ్బు కాదు

ఆ ఈతలో ఏడు పిల్లలని అతనే చెప్పాడు. మిగతావన్నీ అప్పటికే వేరే ఇళ్ళకి వెళ్ళిపోయాయి. "వాళ్ళకి ఫోన్ చేసి జాగ్రత్త చెప్పండి" అని రాశాను. చూసి ఊరుకున్నాడు. అతని ఇన్‌స్టా పేజీలో పిల్లల్ని అందుకున్న ఇద్దరు కొనుగోలుదార్లు కనిపిస్తే సోమవారం రాత్రే మేమే మెసేజ్ పెట్టాం. ఒకరి పిల్ల ఆ సాయంత్రమే వాంతి చేసుకుంది. పొద్దున చూద్దాంలే అనుకుంటున్నవాళ్ళు రాత్రికి రాత్రే డాక్టర్ దగ్గరికెళ్ళారు. అది బతికింది. ఇంకొకరి పిల్ల ఆదివారమే చనిపోయింది. మా వల్లే పోయిందని ఆ ఇంట్లో అమ్మాయి ఏడుస్తోందట. మూడు నుంచి ఏడు రోజుల లెక్క ఆమెకి రాసి పంపాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని ఏదన్నా ఉంటే అదే.

కాగితం మీద పెట్టడం

ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ వెంటనే వాట్సాప్‌లో ఇలా రాసేవాణ్ణి: "ఇప్పుడు మీరు ఫోన్‌లో ఫలానా మాట అన్నారు. నేను అర్థం చేసుకున్నది సరైనదేనా?" జవాబిస్తే రికార్డు. ఇవ్వకపోయినా రికార్డే. తిట్లు, బెదిరింపులు ఒక్కటి కూడా రాయకూడదు. రేపు ఆ చాట్ ఎవరి ముందు పెట్టాల్సివస్తుందో తెలియదు. చాట్, అమ్మకం ప్రకటన, యూపీఐ లావాదేవీ నంబరు, టీకా కార్డు ఫోటో, డాక్టర్ చీటీలు, బిల్లులు అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టాను. అసలు చాట్ ఫోన్‌లోంచి తీసేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దృష్టిలో కుక్కపిల్ల కూడా ఒక 'వస్తువే', ఎందుకంటే చరాస్తి అంతా వస్తువు కిందికే వస్తుంది. వినడానికి బాగోదు, కానీ మన చేతికి ఆయుధం ఇచ్చేది ఆ మాటే. బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. కేసు అమ్మినవాడి ఊళ్ళోనే వేయక్కర్లేదు, మనం ఉండే జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి. చెల్లించిన ధర 5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. అంతకుముందు 1915 నంబరుకి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ రాజీకి ప్రయత్నిస్తుంది.

"మాకు కేసీఐ ఉంది" అన్న మాటకి తలూపకండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం పిల్ల వంశవృక్షం చెబుతుంది. ఆరోగ్యం గురించి చెప్పదు, రాష్ట్ర బోర్డు రిజిస్ట్రేషన్‌కి బదులూ కాదు.

మేం ఒక పేజీ నోటీసు రాశాం. మూడు తేదీలు ఒక పట్టికలో, కింద డాక్టర్ మాట, దాని కింద మేం అడిగేది: పిల్ల ధర 18,000, వైద్యం ఖర్చు 14,600, గడువు 15 రోజులు. అతను వాట్సాప్‌లో పంపిన లొకేషన్‌లోని అడ్రస్‌కే రిజిస్టర్డ్ పోస్టు చేశాం. పదకొండో రోజు ఫోన్ వచ్చింది. ధర వెనక్కిస్తానన్నాడు, వైద్యం ఖర్చు ఇవ్వనన్నాడు. ఒక షరతు పెట్టాడు: పిల్లని ఆరోగ్యంగానే ఇచ్చాడని పిన్ని వాయిస్ మెసేజ్ పంపాలి. అప్పటికి ఇంట్లో అందరూ విసిగిపోయి ఉన్నారు. పంపేస్తే పోలా అన్నారు బాబాయి. పిన్ని ఒప్పుకోలేదు. "ఆ మాట నాకు కాదు, రేపు ఇంకొకళ్ళకి వినిపిస్తాడు" అంది. రెండు రోజుల తర్వాత షరతు లేకుండానే 18,000 వచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్ముతున్నాడని రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డుకి పిన్ని విడిగా ఫిర్యాదు పంపింది. డబ్బు వేరు, అది వేరు.

ఆరు రోజులు సెలైన్ మీద ఉన్నాక లడ్డూ ఏడో రోజు తనంతట తానే నీళ్ళు తాగింది.

మీరు కొనబోతుంటే అడ్వాన్స్ వేసే ముందు బ్రీడర్‌కి ఒక్క మెసేజ్ పెట్టండి: "పుట్టిన తేదీ, టీకా తేదీ, టీకా వేసిన డాక్టర్ పేరు, మీ రిజిస్ట్రేషన్ నంబరు రాసి పంపండి. పిల్లని తీసుకున్న రోజే మా డాక్టర్‌కి చూపిస్తాం." సరైన బ్రీడర్‌కి ఇది రెండు నిమిషాల పని. "నమ్మకం లేకపోతే కొనకండి" అని జవాబొస్తే, ఆ సలహా పాటించండి.