గాలం వేసే ముందు చేప నోరు చూడండి!

పిల్లలూ! ఒక చెరువు గట్టున ఇద్దరు గాలాలు వేసుకొని కూర్చున్నారనుకోండి. ఇద్దరూ పెట్టిన ఎర ఒకటే. పొద్దు గూకే వేళకు ఒకరి బుట్టలో మూడు చేపలున్నవి, రెండవవారి బుట్ట ఖాళీగా ఉన్నది. రెండవ మనిషి, “నా అదృష్టం ఇంతే!” అంటాడు. కాని చేపకు మన అదృష్టంతో పని లేదు. మొదటి మనిషి గాలం చేప మేసే చోట, చేప మేసే తీరుకు తగినట్టు ఉన్నది. రెండవవాడి గాలం అలా లేదు. తేడా అంతే!

సూర్యాపేట దగ్గర సోలిపేట వద్ద మూసీ జలాశయం ఉన్నది. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు వస్తుంది. ఇవి కాక ఊరూరా చెరువులున్నవి. ఈ నీళ్లలో పెరిగే చేపలలో నాలుగు మనకు బాగా తెలిసినవి: బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ. రవ్వను కోస్తా జిల్లాలలో శీలావతి అంటారు. ఈ నాలుగూ ఒకే కుటుంబానివి. వీటిని శాస్త్రజ్ఞులు కార్పు చేపలంటారు.

కార్పు చేపల దవడలలో పళ్లు ఉండవు. వాటి పళ్లు గొంతులో ఉంటవి! అందుచేత అవి కొర్రమీనులాగా ఎరను గబుక్కున కరిచి పట్టవు. నీటితోపాటు ఎరను లోపలికి పీలుస్తవి. రుచి చూస్తవి. ఏమాత్రం తేడాగా తోచినా మరుక్షణం ఊదేస్తవి. మీరు బెండు కదలడం చూసి కర్ర లేపేలోగా ఆ చేప ఎరను ఉమ్మేసి వెళ్లిపోతుంది. కార్పును పట్టడంలో కష్టమంతా ఇక్కడే ఉన్నది.

ఏ నోటికి ఏ గాలం?

బొచ్చె నోరు చూడండి. తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. అంటే అది పైనున్న మేత కోసం పుట్టిన నోరు. నీటి పైపొరలలో తేలే సూక్ష్మజీవులను అది పీల్చి తింటుంది. అడుగున పడి ఉన్న ఎర దాని కంట పడడమే అరుదు. కాబట్టి బొచ్చెకు బెండు కింద మూరెడు మొదలు బారెడు లోతులో ఎర వేలాడాలి. తవుడూ, పల్లీ చెక్కా కలిపి మెత్తగా ముద్ద చేస్తే, ఆ ముద్ద నీటిలో మెల్లగా కరుగుతూ మబ్బులా వ్యాపిస్తుంది. బొచ్చె ఆ మబ్బులోకి వచ్చి నోరు తెరుస్తుంది. ముద్ద చుట్టూ రెండు మూడు చిన్న గాలాలు అమర్చేవారున్నారు. బియ్యపు మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడలో తవుడుకు కరువేమిటి?

రవ్వ పెదవులు అంచున కుచ్చులు కుట్టినట్టుంటవి. అది ఎక్కువగా నడిమి నీటిలో తిరుగుతూ, ఆకులకూ రాళ్లకూ పట్టిన నాచును గీకి తింటుంది. ఎరను కూడా అలాగే కొద్దికొద్దిగా కొరుకుతుంది. దీనికి చిన్న గాలం, సన్నని దారం, శనగగింజంత ఎర కావాలి. బెండు కూడా సన్ననిదై ఉండాలి. ఎందుకంటే, లావు బెండును ముంచాలంటే చేప ఎక్కువ నీటిని పక్కకు నెట్టవలసి వస్తుంది. ఆ బరువు తగలగానే దానికి అనుమానం వస్తుంది. దారానికి సీసపు గుండ్లు చేర్చి, బెండు కొన గోరంత మాత్రమే పైకి కనిపించేటట్టు చేస్తే, చిన్న లాగుడుకే అది మునుగుతుంది. ఆర్కిమెడీసు సూత్రం చెరువు గట్టున కూడా పనికి వస్తుందన్నమాట!

మ్రిగాల, బంగారుతీగ అడుగున మేసేవి. వీటి నోరు కిందివైపుకు ఉంటుంది. బంగారుతీగకు మూతి పక్కన రెండు జతల మీసాలుంటవి. బురదలో ఏది తినదగినదో అది మీసాలతో రుచి చూసి తెలుసుకొంటుంది. ఇది మన దేశపు చేప కాదు. 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకు వచ్చింది. 1957లో బాంకాక్ నుంచి మరొక రకాన్ని తెప్పించారు. వీటికి ఎర నేలమీద పడి ఉండాలి. సీసపు గుండును దారానికి గట్టిగా బిగించకండి. నడుమ రంధ్రం ఉన్న గుండులో దారం ఎక్కించి, అది జారిపోకుండా గాలానికి జానెడు దూరంలో ముడి వేయండి. చేప ఎరను లాగినప్పుడు దారం గుండులోంచి జారుతుంది. గుండు బరువు చేపకు తెలియదు.

వెంట్రుక చేసిన పని

పీల్చి ఊదేసే చేపను పట్టడానికి ఇంగ్లండులో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడాక్స్ అనే ఇద్దరు 1980 ప్రాంతంలో ఒక ఉపాయం కనిపెట్టారు. అప్పటిదాకా అందరూ ఎరను గాలానికే గుచ్చేవారు. వీరు గాలాన్ని ఖాళీగా ఉంచి, దానికి ఒక తల వెంట్రుక కట్టి, ఆ వెంట్రుక కొసన ఎరను కట్టారు. చేప ఎరను పీల్చినప్పుడు గాలం కూడా వెంట వస్తుంది. ఊదినప్పుడు ఎర బయటకు పోతుంది గాని, ఖాళీ గాలపు ముల్లు పెదవికి తగులుకొంటుంది. ఇప్పుడు వెంట్రుకకు బదులు సన్నని దారం వాడుతున్నారు. నానబెట్టి ఉడికించిన మొక్కజొన్న గింజ ఇందుకు చక్కగా పనికి వస్తుంది.

చేపకు చెవులున్నవా?

బయటికి కనిపించవు గాని, ఉన్నవి! కార్పు చేప కడుపులో గాలి తిత్తి ఉంటుంది. శబ్దానికి ఆ తిత్తి అదురుతుంది. ఆ అదురును చిన్న ఎముకల వరుస ఒకటి లోపలి చెవికి చేరవేస్తుంది. ఈ సంగతిని 1820లో వెబర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. పైగా శబ్దం గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోతే, నీటిలో సుమారు 1,500 మీటర్లు పోతుంది. మీరు గట్టుమీద ధనధనా నడిస్తే గాలం వేయక ముందే వార్త అందిపోతుంది. నీడ నీటిపై పడకుండా, ఒడ్డుకు ఎడంగా, కిందికి కూర్చోవాలి.

చేపకు జ్ఞాపకం కూడా ఉన్నది. బ్యూకెమా అనే డచ్చి శాస్త్రజ్ఞుడు కుంటలలో కార్పులను పెంచి, గాలంతో పట్టి, మళ్లీ వదిలి పరీక్షించాడు. ఒక్కసారి గాలానికి చిక్కిన చేపలు ఆ తరువాత చాలాకాలం గాలాన్ని తప్పించుకొన్నవి. ఈ ఫలితాలు 1970లో అచ్చయినవి. చేపపిల్లకు ఈత నేర్పనక్కర లేదంటారు. జాగ్రత్త కూడా ఒక్క పాఠంతోనే వస్తుందన్నమాట. నిన్న పనిచేసిన ఎర నేడు పనిచేయకపోతే, మార్చవలసింది మీరే.

ఈ చేపలు ఎవరివి?

బొచ్చె, రవ్వ, మ్రిగాల వానాకాలంలో పారే నదులలో గుడ్లు పెడతవి. నిలవ నీటి చెరువులలో సాధారణంగా పెట్టవు. పూర్వం వీటి పిల్లలను నదులలో పట్టి తెచ్చేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, తన సహచరుడు అలికున్హితో కలిసి, పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, కార్పు చేపలచేత మనిషి కట్టడిలో గుడ్లు పెట్టించాడు. అందుకే జూలై 10ని జాతీయ మత్స్య రైతు దినంగా జరుపుతున్నారు. ఇప్పుడు మన చెరువులలో ఉన్న చేపలు అలా పుట్టించిన పిల్లలు పెరిగినవే. వాటిని పెంచుకొనేది మత్స్య సహకార సంఘాలవారు. కాబట్టి అడగకుండా గాలం వేయడమంటే, పక్కవారి చేలో కంకులు విరవడమే. పెద్దవారిచేత అడిగించి, ఒప్పుకొంటేనే వేయండి.

మరొక మాట. ఇది అన్నిటికన్న ముఖ్యం. సాగర్ కాలువ ఒడ్డున గాలం వేయవద్దు. కాలువ గోడలు ఏటవాలుగా, నాచు పట్టి జారుతుంటవి. నీటి వేగం ఎక్కువ. పడినవారికి ఈత వచ్చినా పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. చెరువుకు కూడా పెద్దవారు వెంట లేనిదే వెళ్లవద్దు. తల్లిదండ్రులారా, ఈ ఒక్క వాక్యం పిల్లలచేత రెండుసార్లు చదివించండి. ఎంత పెద్ద బొచ్చె అయినా ఒక పిల్లవాడి ప్రాణానికి సరితూగదు.

సీసం విషం. గుండును పళ్లతో నొక్కకండి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. తెగిన దారం ఒడ్డున పారేస్తే కొంగల కాళ్లకు చుట్టుకొంటుంది. దాన్ని ఇంటికి తీసుకుపోండి. చిన్న చేప పడితే, చేతులు తడుపుకొని పట్టుకొని, గాలం మెల్లగా తీసి నీటిలో వదలండి. పొడి చేతులతో పడితే దాని ఒంటిమీది జిగురు పోయి రోగాలు అంటుకొంటవి.

ఇక మీకొక పని. ఈసారి పెద్దవారితో చెరువుకు వెళ్లినప్పుడు గాలం తీసుకుపోవద్దు. గుప్పెడు మరమరాలు నీటిపై చల్లి, కదలకుండా అరగంట కూర్చోండి. పైకి వచ్చి నోరు తెరిచేదేది? అడుగున ఉండి బుడగలు వదిలేదేది? ఒక పుస్తకంలో రాసుకోండి. ఏ నోటికి ఏ గాలమో ఆ తరువాత ఎవరూ మీకు చెప్పవలసిన అవసరముండదు.