ప్లీడరుగారి గుమాస్తాకు కొత్త తోడు

ప్లీడరుగారి ఆఫీసులో అన్నిటికంటే విలువైన వస్తువు చట్టాల పుస్తకాల బీరువా అనుకుంటాం. కాదు, వాయిదాల డైరీ. అందులో ఒక్క తేదీ తప్పు పడితే మంచి కేసు కూడా మట్టి కరుస్తుంది. పిలిచిన వేళకు ప్రతివాది తరఫున ఎవరూ పలకకపోతే ఏకపక్షంగా డిక్రీ అయిపోవచ్చు. సమను అందినవాడికి దాన్ని రద్దు చేయించుకోవడానికి డిక్రీ తేదీనుంచి 30 రోజులే గడువు. పోయేది ఎవరి ఇల్లో, ఎవరి పొలమో!

ఈ డైరీ పనిని, కాగితాలను, ఫీజు లెక్కలను ఒకే చోట చూసుకునే సాఫ్టువేర్లు ఇప్పుడు బజారులో చాలా వున్నాయి. ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా వున్న చిన్న ఆఫీసువారు దేన్ని ఎంచుకోవాలి?

అమ్మ వచ్చినవాడు తెరమీద చూపే రంగుల బొమ్మలకు మురిసిపోకండి. ఒక పాత కేసు కట్ట అతని ముందు పెట్టి, "ఈ సివిలు డిక్రీమీద అప్పీలుకు ఆఖరు రోజు ఏది?" అని అడగండి. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం జిల్లా కోర్టుకయితే 30 రోజులు, హైకోర్టుకయితే 90. కాని నకలు తీసుకోవడానికి పట్టిన కాలాన్ని అందులోంచి మినహాయించాలి. ఆఖరు రోజు కోర్టుకు సెలవయితే, తిరిగి తెరిచిననాడు దాఖలు చేసినా చెల్లుతుంది. కేలండరులో 30 గళ్ళు లెక్కపెట్టి ఊరుకునే సాఫ్టువేరుకు వేసవి సెలవుల సంగతేం తెలుస్తుంది? అనుభవమున్న గుమాస్తా అయితే ఈ లెక్క వేళ్ళమీద చేస్తాడు. అందుకే యంత్రం చెప్పిన తేదీని ఆయన చేత సరిచూపించిగాని నమ్మకూడదు.

కేసుకు 16 అక్షరాలు, అంకెలు కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు వుంటుంది. అది ఇస్తే ఇ-కోర్టుల యాప్‌లో తరువాతి వాయిదా ఉచితంగానే కనిపిస్తుంది. కొన్న సాఫ్టువేరు ఆ తేదీని తానే తెచ్చుకోకపోతే డబ్బు పెట్టి లాభమేమిటి? పది, పదిహేను కేసులున్న ప్లీడరుగారికి ఆ ఉచిత యాప్, ఒక మంచి డైరీ చాలునని నా అభిప్రాయం.

విదేశాల సరుకు చాలావరకు గంటల లెక్కన ఫీజు కట్టేవారికోసం తయారయింది. మన జిల్లా కోర్టుల్లో ఫీజు సాధారణంగా కేసుకింతని, లేదా విడతలుగా. ఆ పద్దు రాసుకునే వీలుందో లేదో చూడండి. పేర్ల సంగతీ అంతే. "సుబ్బారావు" అని వెతికితే "సుబ్బా రావు" దొరకని సాఫ్టువేరు, ఎదుటి కక్షిదారు మన పాత కక్షిదారేనన్న మాట వకాల్తా పుచ్చుకునే ముందు చెప్పలేదు.

ఇక రహస్యం. కక్షిదారు చెప్పిన మాట అతని అనుమతి లేకుండా బయట పెట్టకూడదని 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షను చెబుతున్నది. ఆ కట్టడి గుమాస్తాకూ వర్తిస్తుంది. కనుక కాగితాలు ఎక్కడ దాస్తారు, ఎవరు తెరవగలరు, అద్దె మానేస్తే మన దస్తాలు మనకు ఏ రూపంలో తిరిగి ఇస్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ చివరి ప్రశ్నకు నసిగేవాడికి బేరం ఇవ్వకండి.

కొన్న తర్వాత కూడా మూడు నెలలపాటు పాత డైరీని రాస్తూనే వుండి, రోజూ సాయంత్రం రెండింటినీ గుమాస్తాగారి చేత పోల్చి చూపించండి.