బొమ్మ కనబడును, మాట వినబడదు

ఒక ఉన్నత పాఠశాలకు క్రొత్త మానిటరు వచ్చినది. దానిలోపలనే రెండు చిన్న స్పీకర్లు అమర్చబడియున్నవని పెట్టెమీద వ్రాసియున్నది. కావున ఇంతవరకు బల్లమీదనున్న పాత స్పీకర్లను తీసి బీరువాలో పెట్టిరి. మరునాడు ఎనిమిదవ తరగతికి ఇంగ్లీషు ఉచ్చారణ పాఠము. తెరపై బొమ్మ స్పష్టముగా వచ్చినది. పాఠము చెప్పునామె పెదవులు కదలినవి. మాట మాత్రము రాలేదు. ఉపాధ్యాయుడు వాల్యూమును హెచ్చించెను, కేబులును కదలించెను, కంప్యూటరును ఆపి మరల ప్రారంభించెను. ఇంతలో గంట మ్రోగెను. నలుబదిమంది పిల్లలు మూగబొమ్మను చూచి వెడలిపోయిరి. "స్పీకర్లు చెడిపోయినవి, మానిటరును దుకాణమునకు త్రిప్పి పంపవలెను" అని అందరును నిశ్చయించిరి.

ఈ నిశ్చయము సరియైనదేనా? మాట రాకపోవుట ఒక లక్షణము మాత్రమే. ఒంటిపై చేయి వేసి జ్వరమున్నదని తెలిసికొనవచ్చును గాని, ఆ జ్వరము ఏ వ్యాధివలన వచ్చినదో పరీక్షింపనిదే తెలియదు. ఇక్కడను అట్లే. కారణము తెలియవలెనన్న, శబ్దము ఏ దారిని నడచునో ముందు తెలియవలెను.

శబ్దము నడచు దారి

కంప్యూటరులో శబ్దము అంకెల రూపమున ఉండును. పాఠమును నడుపు ప్రోగ్రాము ఆ అంకెలను విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థకు అందించును. వాటిని ఏ ద్వారముగుండ బయటికి పంపవలెనో ఆ వ్యవస్థ నిర్ణయించును. అక్కడినుండి అవి గ్రాఫిక్స్ భాగమునకు, కేబులునకు, మానిటరులోని గ్రాహకమునకు చేరును. అచ్చట అంకెలు విద్యుత్తరంగముగా మారి, ఆంప్లిఫైయరులో బలము పుంజుకొని, స్పీకరు తీగచుట్టలో ప్రవహించును. ఆ చుట్ట అయస్కాంత క్షేత్రమున ఉండుటచే ముందు వెనుకలకు ఊగి, దానికి అంటియున్న పొరను కదలించును. పొర గాలిని కదలించును. అప్పుడే చెవికి మాట వినబడును.

చివరి మడికి నీరు రానప్పుడు రైతు మడిని త్రవ్వడు. కాలువగట్టు వెంబడి నడచి, నీరు ఎంతవరకు వచ్చినదో చూచును. స్పీకరును నిందించుటకు ముందు చేయవలసినదియు అదియే.

కేబులులలో భేదము

బొమ్మను తెచ్చు ప్రతి కేబులును శబ్దమును తేదు. 1987లో ఐ.బి.ఎం. సంస్థ ప్రవేశపెట్టిన వి.జి.ఏ. కేబులునకు పదునైదు సూదులు గలవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల సంకేతములకు, బొమ్మను నిలుపు కాలసంకేతములకు, తదితర పనులకు అవి ఏర్పడినవి. శబ్దమునకు వాటిలో ఒక్కటియు లేదు. 1999లో వచ్చిన డి.వి.ఐ. ప్రమాణమును బొమ్మకొరకే ఏర్పడినది. 2002లో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ., 2006లో వచ్చిన డిస్‌ప్లే పోర్టు బొమ్మను, శబ్దమును ఒకే కేబులుగుండ పంపగలవు.

హెచ్.డి.ఎం.ఐ. శబ్దమును పంపు విధము చిత్రమైనది. గాజుగొట్టపు తెరల కాలమున ఎలక్ట్రాను కిరణము ఒక పంక్తిని గీచి, మరల మొదటి అంచునకు వచ్చుటకు కొంత వ్యవధి కావలసియుండెను. ఇప్పటి తెరలలో ఆ కిరణము లేదు. వ్యవధి మాత్రము మిగిలినది. శబ్దపు అంకెలు ఆ వ్యవధిలో ప్రయాణము చేయును. చోటు చాలునా అను సందేహము అక్కరలేదు. సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, రెండు స్పీకర్లు అనుకొన్నచో సెకనుకు 15,36,000 బిట్లు అగును. 1920 x 1080 చుక్కలు, చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మలు గల చిత్రమునకు 298,59,84,000 బిట్లు కావలెను. అనగా శబ్దము చిత్రములో 1944వ వంతు మాత్రమే.

మధ్యలో మార్పిడి ముక్కలు తగిలించినచో జాగ్రత్త వలయును. హెచ్.డి.ఎం.ఐ.ని వి.జి.ఏ.గా మార్చు ముక్కవద్ద శబ్దము నిలిచిపోవును. అట్టి కొన్నింటికి ప్రక్కన చిన్న రంధ్రముండును. దానినుండి వేరొక తీగద్వారా శబ్దమును మానిటరునకు తీసికొనిపోవలెను.

మానిటరు తన్ను తాను తెలుపుకొనుట

కేబులు తగిలించినంతనే మానిటరు తన శక్తిని కంప్యూటరునకు నివేదించును. ఈ నివేదికకు ఈ.డి.ఐ.డి. అని పేరు. ఎన్ని చుక్కల బొమ్మను చూపగలదో, శబ్దమును స్వీకరింపగలదో లేదో అందులో ఉండును. ఏ కారణముచేతనైనను ఆ నివేదిక సరిగా అందనిచో, కంప్యూటరు ఆ మానిటరు శబ్దమును స్వీకరింపలేదని తలచి, తన పట్టికలో దాని పేరు చూపదు. అట్టి సమయమున రెండింటికిని విద్యుత్తును ఆపి, ఒక నిమిషము ఆగి మరల ఇచ్చిన నివేదిక తిరిగి చదువబడును. అప్పటికిని పేరు రానిచో గ్రాఫిక్స్ డ్రైవరును మరల స్థాపించి చూడవలెను. అయితే పేరు కనబడినంతమాత్రమున స్పీకర్లు ఉన్నవని నమ్మరాదు. హెడ్‌ఫోను రంధ్రము మాత్రమే యుండి స్పీకర్లు లేని మానిటర్లును పట్టికలో కనబడును.

సగము చేసి పరీక్షించుట

దారిలో ఎనిమిది మజిలీలున్నవనుకొన్నచో, ఒక్కొక్కదానిని వరుసగా చూచుటకంటె నడుమ పరీక్షించుట మేలు. నడుమ శబ్దమున్నచో దోషము ఆవలి సగమున, లేనిచో ఈవలి సగమున ఉండును. ఎనిమిది నాలుగగును, నాలుగు రెండగును, రెండు ఒకటియగును. మూడు పరీక్షలు చాలును.

పైని చెప్పిన పాఠశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయుడు ఒక హెడ్‌ఫోనుతో ఈ పని చేసెను. ముందు దానిని కంప్యూటరు వెనుకనున్న ఆకుపచ్చ రంధ్రమున పెట్టెను. పాఠము వినబడినది. కావున ప్రోగ్రామునకు దోషము లేదు. తరువాత మానిటరు రంధ్రమున పెట్టెను. ఏమియు వినబడలేదు. స్పీకరును చేరకముందే శబ్దము తప్పిపోవుచున్నదని తేలినది. వంగి చూడగా, పాత మానిటరు యొక్క వి.జి.ఏ. కేబులునే క్రొత్తదానికి తగిలించిరని కనబడెను. పాత స్పీకర్లు వేరు తీగతో పనిచేసెను గనుక ఆ లోపము ఇంతవరకు బయటపడలేదు.

హెచ్.డి.ఎం.ఐ. కేబులు తగిలించిరి. అయినను శబ్దము రాలేదు! "కారణము కేబులు కాదన్నమాట" అని కొందరనిరి. ఇది తొందరపాటు. కాలువకు రెండుచోట్ల అడ్డుకట్ట యున్నప్పుడు ఒకటి తీసినంతమాత్రమున నీరు రాదు. తీసినది తప్పును కాదు. విండోస్ ఇంకను పాత ఆకుపచ్చ రంధ్రమునకే శబ్దమును పంపుచున్నది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందు సౌండ్, అందు అవుట్‌పుట్ అను చోట మానిటరు పేరును ఎన్నుకొనగానే గదిలో మాట వినబడెను.

మానిటరు హెడ్‌ఫోనులో వినబడి స్పీకరులో వినబడనిచో, మానిటరు మీటలతో దాని మెనూను తెరచి వాల్యూము సున్నయై యున్నదేమో, మ్యూట్ చేయబడినదేమో చూడవలెను. రంధ్రమున ఏదేని ప్లగ్గు మిగిలియున్నను స్పీకర్లు మూగవోవును. ఇవి యన్నియు చూచిన పిదపనే స్పీకరును శంకింపవలెను. అప్పుడైనను మానిటరును విప్పుట విద్యార్థులకు తగదు. విద్యుత్తు తీసిన తరువాతను లోపలి కెపాసిటర్లలో ఆవేశము నిలిచియుండవచ్చును.

మరుసటి వారము ఆ పిల్లలు పాఠము వినిరి. మానిటరు దుకాణమునకు పోలేదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై శబ్దము నడచు దారిని గీచి, ఎక్కడ పరీక్షించినచో ఏమి తెలియునో పిల్లలచేతనే చెప్పించెను. బల్బు వెలుగనప్పుడు, కుళాయిలో నీరు రానప్పుడు కూడ ఈ పద్ధతియే పనికివచ్చునని వారిలో ఒక బాలిక చెప్పినది. ఆమె చెప్పినది నిజము.