కాలేజీ వెతుకులాట కోఠీ నుంచే

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే బేగంబజార్‌లో బేరాల మధ్య కొత్త మాట ఒకటి చేరుతుంది. స్టీల్ సామాను కొట్టులోనైనా, బాదం పిస్తా తూచే చోటైనా అదే ప్రశ్న: ‘పిల్లాణ్ని ఎక్కడ చేరుస్తున్నారు?’ జవాబుగా వినిపించేవి చాలావరకు ఊరి చివరి కాలేజీల పేర్లే. పీఆర్వోలు ఫోన్ చేసి చెప్పినవి, ఫ్లెక్సీల మీద కనిపించినవి.

హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసిందని చెప్పే ఈ బజారుకు చదువులు అంత దూరంలో లేవు. మూసీ గట్టున హైకోర్టు పక్కనే ప్రభుత్వ సిటీ కాలేజీ ఉంది. ఆ భవనానికి 2021లో నూరేళ్లు నిండాయి. 1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల 1949 నుంచి పాత బ్రిటిష్ రెసిడెన్సీలో నడుస్తోంది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. జాంబాగ్‌లో వివేకవర్ధిని, కాచిగూడలో కామర్స్‌కు పేరుపడ్డ బద్రుకా ఉన్నాయి. పాతవి కాబట్టి కళ్లు మూసుకుని చేరిపొమ్మని కాదు. కానీ వీటిని చూడకుండానే గండిపేట వైపు పరుగెత్తడం మాత్రం తొందరపాటే. రోజూ బస్సులో పోయే గంటలు పిల్లల చదువులోంచే పోతాయి.

ఇక్కడి వ్యాపార కుటుంబాల పిల్లల్లో బీకామ్‌తో పాటు సీఏ చదవాలనుకునేవాళ్లున్నారు. వాళ్లు ముందు అడగాల్సింది ఫీజు కాదు, టైమ్‌టేబుల్. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాక ఆర్టికల్‌షిప్ మొదలవుతుంది. మూడేళ్లుండే ఈ శిక్షణ 2023 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో రెండేళ్లయింది. డిగ్రీ తరగతులు ఆ పనివేళలకు అడ్డు రాకూడదన్నది సీఏ ఇన్‌స్టిట్యూట్ నియమం. సాయంత్రం దాకా తరగతులు నడిపి, హాజరు కోసం పట్టుబట్టే కాలేజీలో చేరితే రెండేళ్లకే చిక్కొస్తుంది. చేరాక తెలిసేకన్నా ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది. సీనియర్లనడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది. రెడ్‌హిల్స్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫీసు ఉంది, అక్కడా అడగొచ్చు.

ఇంజినీరింగ్ అయితే ప్రకటనలకన్నా నమ్మదగ్గ కాగితం ఒకటుంది. ఎప్‌సెట్ వెబ్‌సైట్‌లో పెట్టే గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక. ఏ కాలేజీలో ఏ బ్రాంచి సీటు, ఏ కేటగిరీలో, ఏ ర్యాంకు దగ్గర ఆగిందో అందులో ఉంటుంది. రెండు మూడేళ్ల పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కాలేజీకి గిరాకీ పెరుగుతోందో, ఏది జారుతోందో అర్థమవుతుంది. న్యాక్ గ్రేడు చూసేటప్పుడు పక్కనే సంవత్సరం కూడా చూడాలి. దానికీ గడువుంటుంది.

ఆపైన ఓ మామూలు పనిరోజున వెళ్లి చూడటమే. అడ్మిషన్ మేళా రోజున కాదు. ల్యాబుల్లో పిల్లలున్నారా, లైబ్రరీలో కుర్చీలు నిండాయా, క్యాంటీన్‌లో రెండో ఏడాది వాళ్లు ఏమంటున్నారు? కోఠీ దాకా అమ్మాయిలు ఒంటరిగా వెళ్లి చూసి రావడానికి ఇబ్బంది లేదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో వాళ్లకు టికెట్ ఖర్చు లేదు.

డిగ్రీ సీట్లలో ఎక్కువభాగం 2016లో వచ్చిన ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ‘దోస్త్’ ద్వారానే భర్తీ అవుతాయి. వెబ్ ఆప్షన్ల వరుసను నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకూడదు. మార్కులు సరిపోతే పైన రాసిన కాలేజీయే దక్కుతుంది కాబట్టి, నిజంగా కోరుకున్నదాన్నే మొదట పెట్టాలి.

చేరాక మనసు మారినా దారి మూసుకుపోదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది. అదే ఆదేశం ప్రకారం, అడ్మిషన్ల చివరి తేదీకి పదిహేను రోజులో అంతకు మించో ముందు మానుకుంటే కట్టిన ఫీజు నూరు శాతం, ఆ తర్వాత తేదీలోపు 90 శాతం, తేదీ దాటాక పదిహేను రోజుల్లో 80, నెలలోపు 50 శాతం వెనక్కివ్వాలి. మానేస్తున్నట్టు రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ వేయించిన నకలు దగ్గర పెట్టుకోవడం అందుకే అవసరం.