వెడల్పు ఎవరి లెక్కలోనూ లేదు

హైదరాబాద్‌లో పదిహేను, ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా పిల్లర్ల మీద ఒకే గుర్తులు కనిపిస్తాయి. మోకాలెత్తున తెలుపు, ఎరుపు, వెండి రంగు గీరలు ఒకదాని మీద ఒకటి. మూలలకు చుట్టిన రబ్బరు పట్టీలు, కొన్నిచోట్ల పాత పరుపు ముక్కలు. అక్కడ కారు పెట్టడం ఓ తంతు. పిల్లల్నీ పెద్దవాళ్లనీ ముందే బయట దించేయాలి. అద్దాలు మడవాలి. వాచ్‌మన్ ‘రైట్ కొట్టండి సార్, ఇంకొంచెం, చాలు’ అంటుంటే అంగుళం అంగుళం జరపాలి. తీరా ఆపాక డ్రైవరు వైపు తలుపు పిల్లరుకు తగులుతుంది కాబట్టి గేరు రాడ్డు దాటి పక్క సీట్లోంచి దిగాలి. దీన్ని ఒకరు డ్రైవింగ్ రానితనం అంటారు, ఇంకొకరు పక్క ఫ్లాటాయన మొండితనం అంటారు. అసోసియేషన్ మీటింగుల్లో గొంతులు లేస్తాయి. టేపు తెచ్చి కొలిస్తే మాత్రం ఇద్దరి తప్పూ లేదని తేలుతుంది.

కార్ల కొలతలు చూడండి. 1983లో వచ్చిన మారుతి 800 వెడల్పు ఇంచుమించు 1.4 మీటర్లు. రోడ్డు మీద ఏనుగులా కనిపించిన అంబాసిడర్ కూడా 1.66 మీటర్లే. ఇవాళ చిన్న కారనుకునే స్విఫ్ట్ 1.73 దాటింది, క్రెటా 1.79, ఎక్స్‌యూవీ 700 1.89, స్కార్పియో-ఎన్ 1.91. ఇవి అద్దాలు కలపని లెక్కలు. ఇదంతా దర్జా కోసమే అనలేం. 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకు పక్క నుంచి గుద్దే పరీక్ష తప్పనిసరైంది. తలుపులు మందమయ్యాయి, వాటిలో ఉక్కు పట్టీలు చేరాయి. అయితే ఈ లావెక్కడానికి మన పన్నులూ దోహదం చేశాయి. 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు కార్లకు, ఇంజిన్ పరిమితికి లోబడి, పన్ను తగ్గింపు ఉంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులు మార్చినప్పుడూ ఆ నాలుగు మీటర్ల గీత అలాగే ఉంది. గీత పొడవుకే, వెడల్పుకు లేదు. అందుకే నెక్సాన్ పొడవు 3,995 మిల్లీమీటర్ల దగ్గర బుద్ధిగా ఆగి, వెడల్పు మాత్రం 1.8 మీటర్లకు చేరింది. ముందుకు పెరగొద్దంటే పక్కకు పెరిగింది, అంతే.

ఇక స్థలం సంగతి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఉమ్మడి పార్కింగ్‌లో కారుకు 2.75 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు చెబుతుంది. అంటే దాదాపు 148 చదరపు అడుగులు. కానీ అది సిఫారసు మాత్రమే. మన రాష్ట్రాల భవన నిబంధనలు పార్కింగ్‌ను కార్ల లెక్కన కాకుండా కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం అని అడుగుతాయి. ఆ శాతంలో పిల్లర్లుంటాయి, లిఫ్టు గుంతలుంటాయి, దారులుంటాయి. పైగా పిల్లరు ఎక్కడ రావాలో నిర్ణయించేది సెల్లార్‌లో కారు కాదు, పై అంతస్తుల్లో పడకగది గోడ. ఆఖరికి కొనుగోలుదారు చేతికొచ్చే సేల్ డీడ్‌లో చాలాసార్లు ఉండేది ‘కార్ పార్కింగ్ 100 చదరపు అడుగులు’ అన్న ఒక్క ముక్క. అయిదు మీటర్ల పొడవుకు లెక్కేస్తే దాని వెడల్పు 1.86 మీటర్లు. కాగితం ప్రకారం క్రెటా పడుతుంది, కానీ తలుపు తెరవడానికి చోటుండదు. ఎక్స్‌యూవీ 700 అసలు పట్టనే పట్టదు. నేల మీద గీతలు ఇంతకంటే ఉదారంగానే ఉండొచ్చు, కాదనను. అది బిల్డరు దయ, కొన్నవాళ్ల హక్కు కాదు. దయతో గీసిన 2.5 మీటర్లలోనైనా 1.8 మీటర్ల కారును సరిగ్గా మధ్యలో ఆపితే అటూ ఇటూ మిగిలేది 35 సెంటీమీటర్లు. గీతను అడుగు మందం పిల్లరు నడిమి నుంచి కొలిచి ఉంటే ఆ వైపు 20 సెంటీమీటర్లే. మోకాళ్ల నొప్పులున్న మనిషి సంగతి సరే, పాతికేళ్ల కుర్రాడైనా అందులోంచి ఎలా దిగుతాడు?

చిన్న కారు కొనుక్కుంటే సరిపోదా అన్న మాటలో న్యాయం లేకపోలేదు. ఒక్క మనిషి ఆఫీసుకెళ్లి రావడానికి రెండు టన్నుల బండి ఎందుకన్న ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. కానీ ‘చిన్న’ అనుకుని కొనే కారే 1.7 మీటర్లు దాటాక కొనేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. కార్లను చిన్నవిగా ఉంచే పని జపాన్‌లో ప్రభుత్వమే చేసింది. అక్కడ పన్ను రాయితీ దక్కే కెయ్ కారు పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు మించకూడదు. ఆ పై తరగతికీ 1.7 మీటర్ల హద్దుంది. 1962 నాటి చట్టం ప్రకారం కారు పెట్టుకునే చోటు చూపిస్తేనే రిజిస్ట్రేషన్. మనం మారుతి 800ను అక్కణ్నుంచే తెచ్చుకున్నాం, కొలబద్దను మాత్రం వదిలేశాం.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. స్థలాలు వెడల్పు చేస్తే సంఖ్య తగ్గుతుంది. ముప్పై మీటర్ల వరసలో 2.5 మీటర్ల చొప్పున పన్నెండు కార్లు పడితే 2.75 చొప్పున పదే పడతాయి. పోయిన రెండింటి ఖరీదు ఫ్లాట్ల ధరలో కలుస్తుంది, స్కూటరు తప్ప ఏమీ లేని కుటుంబం కూడా దాన్ని మోస్తుంది. పార్కింగ్ ఉచితంగా కనిపించినా దాని ఖర్చు అందరి మీదా పడుతుందని అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో పెద్ద పుస్తకమే రాశారు. వెడల్పు పెంచే కొద్దీ ఇంకా పెద్ద కార్లు వస్తాయన్న భయమూ ఉంది. అందుకే అన్నిటినీ ఒకేలా విశాలం చేయమని నేననను. రెండు మూడు సైజుల్లో గీసి, ఏ సైజుకు ఆ ధర పెట్టాలి. పెద్ద కారున్నవాళ్లు ఆ పెద్దరికానికి డబ్బు కట్టాలి. అలా జరగాలంటే ముందు వెడల్పు అన్న అంకె కాగితం మీదికెక్కాలి.

అది అసాధ్యమేమీ కాదు. దూలాలు అడ్డొస్తున్నాయని, తలుపు తెరిచి దిగే చోటు లేదని ఫిర్యాదులు రావడంతో మహారాష్ట్ర స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) 2024 ఏప్రిల్‌లో ఓ ఆదేశం ఇచ్చింది. అలాట్‌మెంట్ లెటర్‌లో, అమ్మకపు ఒప్పందంలో పార్కింగ్ పొడవు, వెడల్పు, ఎత్తు, ఏ మూలన ఉందో కూడా అనుబంధంగా రాయాలంది. అంతకుముందు 2010లో నహల్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు స్టిల్ట్ పార్కింగ్‌ను బిల్డరు విడిగా అమ్ముకోరాదని చెప్పినా, అక్కడ తగువు అది ఎవరిదన్న దాని మీద. ఎంతన్నది ప్రశ్నలోకే రాలేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరాలు కూడా ఒప్పందంలో పిల్లరు అంచు నుంచి పిల్లరు అంచుకు కొలతను అడగాలి. బిల్డరుకు ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు, నక్షాలో ఆ అంకె ఎలాగూ ఉంటుంది.

పాత భవనాల్లో మాత్రం పిల్లర్లను జరపలేం. అక్కడ మిగిలింది మార్పిడే. ఒక పక్క ఖాళీ ఉన్న చివరి స్థలం పెద్ద కారున్నవాళ్లకు, పిల్లర్ల మధ్య ఇరుకుది చిన్న కారున్నవాళ్లకు ఇచ్చి, తేడాను నెలవారీ మెయింటెనెన్స్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. నోటి మాట మీద నడిచినన్నాళ్లు నడుస్తుంది. కానీ సేల్ డీడ్‌లో పార్కింగ్ నంబరు రాసి ఉంటే, ఇద్దరిలో ఒకరు ఫ్లాటు అమ్మిన రోజున కొత్తగా వచ్చినవాళ్లు తమ నంబరే కావాలంటారు. కాగితం వాళ్ల పక్షానే ఉంటుంది.