మోకు ఒక్కటే చాలదర్రా

రండర్రా, అరుగు మీద చాప పరుచుకుని కూర్చోండి. ఇందాక మిరప చేను గట్టు మీద తాడి ఎక్కుతున్న బాబాయిని చూసి మన చిన్నది ఓ మంచి మాట అడిగింది. "తాతా, అంత పొడుగు చెట్టు మీద ఆయన చెట్టుని వాటేసుకోకుండా వెనక్కి వాలతాడేంది? భయం లేదా?" అని. ఆ వాలడంలోనే ఉంది కిటుకంతా.

మన నల్లరేగడి చేలల్లో తాటిచెట్లు గట్టుకి ఒకటీ రెండూ ఉంటాయి. చీరాల, బాపట్ల ఇసుక నేలలకి పోతే తోపులకి తోపులే. కొమ్మా రెమ్మా లేని నిలువు మాను, బాగా ముదిరితే అరవై డెబ్బై అడుగులు. దాన్ని ఎక్కడానికి మనవాళ్ళు కనిపెట్టుకున్నది మోకు. చెట్టునీ నడుమునీ కలిపి చుట్టే లావుపాటి తాడది. కాళ్ళు రెండూ దగ్గరగా పట్టి ఉంచడానికి ఇంకో బంధం ఉంటుంది. ముందుకి వంగితే మోకు వదులవుతుంది, దాన్ని పైకి ఎగరేస్తాడు. వెనక్కి వాలితే బిగుసుకుంటుంది, అప్పుడు కాళ్ళు పైకి జరుపుతాడు. మళ్ళీ మోకు, మళ్ళీ కాళ్ళు.

వాలినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మోకు ఆయన నడుముని చెట్టు వైపు లాగుతుంది. కాళ్ళేమో చెట్టుని ఎదురు తంతాయి. ఎంత గట్టిగా తంతే పాదానికీ మానుకీ మధ్య రాపిడి అంత పెరుగుతుంది, కాలు అంత జారదు. భయపడి చెట్టుని కరుచుకుంటే కాళ్ళు నిలువుగా కిందికి దిగి, ఆ తన్ను తగ్గిపోతుంది, జారతాం. అంటే వెనక్కి వాలడమే పట్టు. ఏ బళ్ళోనూ రాపిడి పాఠం చదవకుండా ఈ సంగతి పట్టుకున్న మన కల్లు గీతవాళ్ళని తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అయితే ఒక్క సంగతి. మోకు పని మనిషిని ఎక్కడున్నవాణ్ణి అక్కడ నిలబెట్టి రెండు చేతులూ ఖాళీగా ఉంచడం. పడుతున్నవాణ్ణి ఆపడం దాని పని కాదు. వానకి మాను తడిసి కాలు జారిందనుకోండి, ఎదురు తన్ను పోతుంది, దాంతోపాటే మోకు బిగువూ పోతుంది. మనిషీ మోకూ కలిసి కిందికి దూసుకొస్తారు. ఆ గరుకు మాను రొమ్మునీ చేతుల్నీ చీరేస్తుంది.

పడేదాన్ని ఆపడం ఎందుకంత కష్టమో చూడండి. మన దొడ్లో బావి ఉంది గదా. ఆ చేంతాడు నిండు చేదని రోజూ లాగుతుంది, ఏమీ కాదు. అదే తాడు కొస స్తంభానికి కట్టేసి, చేదని ఒక్కసారిగా వదిలెయ్యండి. తాడులో వదులు అయిపోయిన క్షణాన ఫట్టుమని తెగినా తెగుతుంది. చేద బరువు మారలేదు, తాడూ మారలేదు. మారిందల్లా వదులు. ఆ వదులులో చేద వేగం పుంజుకుంది, దాన్ని తాడు బెత్తెడు దూరంలో ఆపాల్సి వచ్చింది.

మనిషి లెక్కా ఇంతే. 70 కిలోల మనిషి రెండు మీటర్లు ఊరికే పడితే వేగం గంటకి 22 కిలోమీటర్లు దాటుతుంది. సాగని తాడు అతన్ని పది సెంటీమీటర్లలో ఆపిందంటే ఒంటి మీద పడే లాగుడు ఒకటిన్నర టన్నుకి దగ్గర. నలభై కిలోల మిర్చి టిక్కీ బస్తాలు 36 ఒక్కసారి నడుముకి వేలాడేసినట్టు. తాడు తెగకపోయినా వెన్ను విరగొచ్చు. అదే ఆగడానికి ఒక మీటరు దూరం దొరికితే లాగుడు 200 కిలోల చిల్లరకి దిగుతుంది. అందుకే పడేవాళ్ళని ఆపే తాడులో ఒక మడత కుట్టి ఉంచుతారు. దెబ్బ తగలగానే ఆ కుట్లు పర్రున విడిపోతూ వేగాన్ని మింగుతాయి. ఒంటి మీద లాగుడు సుమారు 600 కిలోలు దాటకూడదని చాలా దేశాల ప్రమాణాలు హద్దు పెట్టాయి. ఆ ఆపే తాడుని ఒక్క నడుము పట్టీకి కట్టకూడదు. భుజాలూ తొడలూ కలిపి పట్టే బెల్టుకే తగిలించాలి.

తెలంగాణలో 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకి భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కాటమయ్య వాళ్ళు కొలిచే దేవుడు. నాకు మటుకు అది మంచి పని అనిపించింది. మోకుని పారెయ్యమనడం తెలివితక్కువ, మోకు ఒక్కటే చాలనడం ఇంకా తెలివితక్కువ.

ఇక మన ఇళ్ళ దగ్గర వేపా చింతా కొమ్మలు కొట్టేవాళ్ళ సంగతి. తాడికి కొమ్మలుండవు గనక మోకు కింది నుంచి పైదాకా ఆగకుండా పోతుంది. చింతకి అడుగడుక్కీ కొమ్మే. కొమ్మ దాటాలంటే తాడు విప్పాలి, విప్పిన ఆ క్షణమే ప్రమాదం. అందుకని రెండు తాళ్ళుండాలి. కొత్తది కొమ్మకి పైన తగిలించాకే పాతది విప్పాలి. రంపం పట్టినప్పుడైతే రెండూ తగిలించే ఉంచాలి, రంపం ఏ తాడుని కోస్తుందో ఎవరు చెప్పగలరు? లోపల ఉక్కు తీగ ఉన్న తాళ్ళు దొరుకుతాయి, చేతి రంపానికి ఒక పట్టాన తెగవు. కానీ ఉక్కులో కరెంటు పారుతుంది. చెట్టు పక్కనే లైను పోతుంటే ముందు కరెంటు తీయించాలి, ఆ తర్వాతే చెట్టెక్కడం.

నిలబెట్టే తాడు పొడవు ఒక్క చేత్తో సవరించుకునేట్టుండాలి. వదులు రెండడుగులు మించనీయకూడదు. ఆపే తాడు మాత్రం తలకి పైన కట్టాలి, కాళ్ళ దగ్గర కడితే పడే దూరం బాగా పెరుగుతుంది. ఇంకోటి, కుట్లు విడిచే తాడుతో మనిషి పడి, తాడు సాగి ఆగడానికి కింద చోటు కావాలి, దాదాపు ఆరు మీటర్లు. పదడుగుల ఎత్తు కొమ్మ మీద అది సాగేలోపే నేల వచ్చేస్తుంది. అక్కడ పొట్టి తాడే మేలు.

కొట్లో కిలోల లెక్కన అమ్మే నీలం ప్లాస్టిక్ తాడు గడ్డిమోపులకి బాగుంటుంది, మనిషికి వద్దు. మన ఎండకి పెళుసెక్కుతుంది, రాపిడి వేడికి మెత్తబడుతుంది. నైలాన్ సాగుతుంది కాబట్టి దెబ్బ ఓర్చుకుంటుంది, కానీ ఆసిడ్ అంటే గిట్టదు. పత్తి గింజల నూగు తీసే ఆసిడ్, ట్రాక్టర్ బ్యాటరీ నీళ్ళు ఒక చుక్క పడినా పైకి కనపడకుండా లోపల కుళ్ళుతుంది. బెల్టు కొనేటప్పుడు దాని మీద ఐఎస్ 3521 అన్న గుర్తు వెతకండి. ఎక్కే ముందు తాడంతా వేళ్ళతో తడమాలి, గట్టిపడ్డ చోటు గానీ నూగు లేచిన చోటు గానీ తగిలితే పక్కన పెట్టెయ్యాలి. ఒక్కసారి పడ్డ మనిషిని ఆపిన తాడుని మళ్ళీ వాడకూడదు.

ఆపాక కూడా పని అయిపోలేదర్రా. కదలకుండా బెల్టులో వేలాడే మనిషికి రక్తం కాళ్ళల్లోనే నిలిచిపోయి స్పృహ తప్పొచ్చు. నిమిషాల మీద దింపాలి. కాబట్టి కింద ఒక మనిషి ఉండాలి, ఫోనుతోనే కాదు, చెట్టెక్కడం వచ్చినవాడై, తన తాడూ తన బెల్టూ తెచ్చుకున్నవాడై ఉండాలి.